తాఖీదు

లాల్‌దర్వాజా బోనాలు గడచిన మరునాటి సాయంకాలము, మొఘల్‌పురాలోని మా పొరుగింటి యిల్లాలు ఒక కాగితమును కొంగున ముడిచికొని మా యింటికి వచ్చినది. ఆమె భర్త పోలీసుశాఖలో సబిన్‌స్పెక్టరు. “అక్కా, ఇది జర చదివి చెప్పుండ్రి” అని దానిని మా చేతి కిచ్చినది.

అది బదిలీ తాఖీదు. అందు భర్త పేరున్నది. చేరవలసిన జిల్లా పేరున్నది. ‘పరిపాలనా కారణములచే’ నను మాటయు నున్నది. పదవ తరగతి చదువుచున్న కూతురి ప్రసక్తి లేదు. వారమునకు మూడుమార్లు డయాలిసిస్‌కు కొనిపోవలసిన అత్తగారి ప్రసక్తియు లేదు. మేమును బాల్యమున బదిలీల తండ్రికి బిడ్డలమే. అయిదేండ్లలో నాలుగు బడులు మారితిమి. తాఖీదు నొక్కని పేరనే వ్రాయుదురు గాని, దానిని మోయునది యిల్లంతయునని మా కప్పుడే తెలిసినది.

“హైకోర్టు దగ్గర్నే ఉన్నది గద, కేసు ఏస్తే ఆగదా?” అని యామె యడిగినది. మూసీ యొడ్డున 1920లో ప్రారంభమైన ఆ హైకోర్టు భవనము మా వీధికి దవ్వు కాదు. కాని దూరము తక్కువయైనంత మాత్రమున దారి సుగమము కాదు. మాకు తెలిసినంత ఆమెకు చెప్పితిమి. ఇట్టి యిక్కట్టు మన సోదరీమణులలో పెక్కండ్రకు గలదు గనుక ఇచ్చటను వ్రాయుచున్నాము.

బదిలీ ఉద్యోగధర్మములలో నొకటి యనియు, తప్పనిసరి నియమమునకు విరుద్ధమైననో, దురుద్దేశముతో చేసినదైననో తప్ప న్యాయస్థానములు జోక్యము చేసికొనరాదనియు సుప్రీంకోర్టు 1991లో బీహారు ఉపాధ్యాయినుల వ్యాజ్యెమున చెప్పినది. ఆ తీర్పుచే భర్తలున్న చోట్లకు పోగోరిన ఉపాధ్యాయినులకు మేలే కలిగినది. సూత్రము మాత్రము అందరికిని వర్తించినది. ఆలుమగలను సాధ్యమైనంతవరకు ఒకచోట నుంచవలెనను ప్రభుత్వ సూచన కోర్టు నెక్కి సాధింపదగిన హక్కు కాదని 1993లో వేరొక తీర్పు వెలువడినది. ఇది వినగనే ఆమె ముఖము వాడినది.

నియమభంగము జరిగినచో కోర్టు వినును. 1975 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రతి స్థానిక విభాగమును నియామకమునకు, జ్యేష్ఠతకు, బదిలీకి ప్రత్యేక పరిధిగా నేర్పరచినది. హైదరాబాదు నగర పోలీసులను మాత్రము 14(ఎఫ్) అను ఖండము మినహాయించినది. 2009 అక్టోబరు 9న సుప్రీంకోర్టు పోలీసు ఉద్యోగముల విషయమున ఈ నగరము ఫ్రీజోన్ అని తీర్పు చెప్పగా తెలంగాణమంతయు కలవరపడినది. ఆ కలవరమే ఉద్యమమునకు కొత్త బలమిచ్చినది. ఆ ఖండమును తొలగింపుడని శాసనసభ 2010 మార్చిలో తీర్మానించినది. తరువాత అది తొలగినది. 2018 నాటి కొత్త యుత్తరువుతో తెలంగాణమున ఏడు జోనులేర్పడినవి. మా నగరమున్న జోను పేరు చార్మినారు. ఆమె భర్త పోవలసిన జిల్లాయు ఆ జోనులోనిదే. కనుక ఆ ద్వారము మూసికొన్నది.

ఠాణా బాధ్యత వహించు నధికారి నకారణముగా రెండేండ్లలోపల కదల్పరాదని 2006లో ప్రకాశ్‌సింగ్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ఆదేశించినది. ఈయన ఠాణాధికారి కాడు. ఆ ద్వారమును మూసికొన్నది.

బదిలీలే వలదని మేమనము. ఒకేచోట పాతుకొన్న పోలీసు అధికారికి ఆ వీధిలో మిత్రులును, పక్షములును ఏర్పడుట సహజము. కాని అవసరమును చూచువారు ఇంటిని చూడకుండుట యేల? 2024 అక్టోబరున తెలంగాణ ప్రత్యేక పోలీసు పటాలముల కానిస్టేబుళ్ల భార్యలు, తమ భర్తల నూరూర త్రిప్పక యొకచోట నుంచుడని వీధుల కెక్కిరి. నిరసనలు పటాలములలోనికిని వ్యాపింపగా, 39 మందిని సస్పెండు చేసి, 10 మందిని ఉద్యోగమునుండి తొలగించిరి. శిస్తు గల శాఖలో భార్య యెత్తిన గొంతుకకు భర్త శిక్ష ననుభవించుటయు కలదు.

అయినను ఒక వెలుగు కలదు. 2022 మార్చిలో కస్టమ్సు, సెంట్రల్ ఎక్సైజు ఉద్యోగుల బదిలీ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ప్రభుత్వ నిర్ణయమును నిలిపియు, ఉద్యోగి కుటుంబజీవనమును గౌరవింపవలెననియు, భార్యాభర్తల, వికలాంగుల, స్త్రీల యిబ్బందులను తలచి ఆ విధానమును మరల పరిశీలింపవలెననియు చెప్పినది. మేము దీనినే ఆశ్రయించితిమి. కోర్టుకు పోకముందు పై యధికారులకు అర్జీ పెట్టుడని చెప్పితిమి. ఆసుపత్రి కాగితములు, బడి ధ్రువపత్రము ఆమెయే కూడబెట్టినది. చిత్తుప్రతి నామెయే వ్రాసినది, మేము దిద్దితిమి, భర్త చేవ్రాలు చేసినాడు.

మూడు వారములకు ప్రత్యుత్తరము వచ్చినది. తాఖీదు మారలేదు. తల్లి యనారోగ్యమును, బిడ్డ చదువును గమనించితిమనియు, విద్యాసంవత్సరాంతమున మరల విచారింతుమనియు నొక్క పంక్తి మాత్ర ముండెను. భర్త పెట్టె సర్దుకొని పోయినాడు. ఇప్పుడు అత్తగారిని ఆటోలో ఆసుపత్రికి ఆమెయే కొనిపోవుచున్నది. ఆ దినములలో పిల్ల బడినుండి మా యింటికి వచ్చి చదువుకొనును.

మొన్న ఆ కాగితమును ఆమె మరల తెచ్చి చూపినది. ఇది గెలుపా, ఓటమియా యని మేము సందేహించుచుండగా ఆమెయే యన్నది: “మొదటి కాయిదంల మేము లేకుంటిమి. దీంట్ల ఒక్క లైన్లనన్న ఉన్నం గదక్కా.”