బడి చెంతనే యిల్లు

నిరుడు మేము హైదరాబాదులో నిల్లు మారవలసివచ్చెను. మా యింట నందఱికిని నొక్కొక్క కోరిక యుండెను. మా వారికి పుస్తకములు పెట్టుకొనుట కొక గది కావలెను. అత్తగారికి తులసికోట కింత జాగా కావలెను. మా తొమ్మిదేండ్ల యమ్మాయికి నుయ్యెల కావలెను. నన్నడిగినప్పుడు "బడి దగ్గఱగా నుండిన చాలు" నంటిని. అందఱును నవ్విరి. బస్సుండగా దూరమను మాట యేల యని వారి యభిప్రాయము.

నా కోరికకు మూలము వేఱు. నా చిన్ననాడు మా యూర నైదవ తరగతివఱకే బడి యుండెను. ఉన్నత పాఠశాల ఆఱు కిలోమీటర్ల దూరమున, కాలువ కావలిగట్టున నుండెను. మా అక్క నాకంటె తెలివిగలది. రెండునెలలు నడచి వెళ్లినది. ఒకనాటి సాయంకాలము వాన పట్టుకొని, చీకటిపడి, రాత్రి యెనిమిది గంటలకు తడిసి యిల్లు చేరినది. మఱునాడు నాన్నగారు దాని పుస్తకములను అటకమీద పెట్టించిరి. ఆయన కఠినుడు కాడు; భయపడిన తండ్రి. నా వంతు వచ్చునప్పటికి మా యూరికి బస్సు పడినది. నేను చదివితిని. మా యిద్దఱి బ్రదుకులకును గల భేద మంతయు నా బస్సే.

మొదట ఔటరు రింగురోడ్డు కావలనున్న యొక క్రొత్త యపార్టుమెంటును చూచితిమి. విశాలమైన గదులు, తోట, యెత్తయిన ప్రహరీగోడ. అమ్మాయి యప్పుడే యుయ్యెలనెక్కి కూర్చుండెను. కావలివాని భార్య నడుగగా, అచటి పిల్లల బస్సు ఉదయ మాఱున్నరకు వచ్చి, సాయంకాల మైదు గంటలకు దింపునని చెప్పినది. "రాత్రి యెనిమిది దాటిన పిమ్మట మఱియొకసారి చూచి వత్త" మని మా వారిని బ్రతిమాలితిని.

వెళ్లితిమి. గోడలోపల దీపములు పట్టపగలువలె వెలుగుచుండెను. గోడ వెలుపల, పెద్దరోడ్డువఱకు నొక్క దీపము లేదు, నొక్క దుకాణము లేదు. ప్రక్కనే మూతలేని మురుగుకాలువ. ఉద్యోగమునుండి తిరిగివచ్చు నొక యమ్మాయి ఫోను చెవినుంచుకొని గట్టిగా మాటలాడుచు వచ్చుచుండెను. దారి యడుగగా సిగ్గుపడి నవ్వి, "అవతల నెవ్వరును లేరండీ. ఈ చీకటి దాటువఱకు మాటలాడుచున్నట్లు నటింతును" అనినది. తిరుగుదారిలో మా వా రొక్కమాటయు పలుకలేదు.

తరువాత తార్నాకలో నొక పాతయింటి మేడమీది భాగమును చూచితిమి. గదులు రెండే. అద్దె రెండువేలు హెచ్చు. కాని మెట్రోరైలెక్కిన మా వారు రాయదుర్గములోని కచేరికి నేరుగా పోవచ్చును. వీధి మొదట కిరాణాకొట్టు, నడుమ నిస్త్రీబండి, సాయంకాలము అరుగులమీద ముసలమ్మలు. బడి ఆఱువందల యడుగుల దూరము. అమ్మాయిచేత లెక్కపెట్టించితిని.

దగ్గఱనున్నంతమాత్రమున బడి మంచిదగునా? అందుచే బడి విడుచు వేళకు మూడుదినములు వెళ్లి గేటువద్ద నిలిచితిని. పిల్ల లెట్టి ముఖములతో బయటికి వచ్చుచున్నారో, వారిని రోడ్డెవరు దాటించుచున్నారో చూచితిని. బాలికల మరుగుదొడ్లలో నీరున్నదా, తలుపులకు గడియ లున్నవా యని లోపలికి వెళ్లి చూచితిని. గుర్తింపుగల ప్రతి బడికిని యూడైస్ అను పదునొకండంకెల సంఖ్య యుండును. దాని నడిగి వ్రాసికొంటిని. ఇరుగుపొరుగువారిని, 2020 అక్టోబరు వానలలో నీ వీధిని నీ రెంతవఱకు నిలిచెనని యడిగితిని. ఇల్లు చూపువారు చెప్పని సంగతులను పొరుగింటివారు చెప్పుదురు.

విద్యాహక్కు చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము 2010లో చేసిన నియమములలో, ఐదవ తరగతివఱకు బడి యొక కిలోమీటరులోపలను, ఎనిమిదవ తరగతివఱకు మూడు కిలోమీటర్లలోపలను నడచిపోదగినట్లుండవలె నని యున్నది. ఈ నియమము నా చిన్ననాడుండి, మా యూర నమలు జరిగియున్నచో మా అక్క యేమై యుండెడిదో! ఆపదలో పిలుచుటకు నేడు 112 కలదు, పిల్లలకై 1098 కలదు. హైదరాబాదులో 2014 నుండి షీ టీములు తిరుగుచున్నవి. ఇవి యన్నియు మేలే. కాని పిలువకమున్నే చూచువారు, అరుగుమీది ముసలమ్మలు.

ఇంటికి వచ్చి తర్కించుకొంటిమి. గది పోవునని మా వారును, ఉయ్యెల పోవునని అమ్మాయియు చిన్నబుచ్చుకొనిరి. అత్తగా రంతవఱకు విని, "తులసికి కుండీ చాలునమ్మా. పిల్ల నడచి పోయి, నడచి వచ్చుగాక" అనిరి. దానితో తర్కము ముగిసెను.

నిజము చెప్పవలెనన్న, ఈ యింట నిబ్బంది కలదు. పుస్తకములు మంచముక్రింద నున్నవి. వేసవిలో మేడ కాగిపోవును. భయము పూర్తిగా పోయినదని కూడ చెప్పలేను. ఏ పేటయు నట్టి హామీ నీయదు. కాని గోడలో దాచి పెంచుట యొకటి, పదిమంది కనులయెదుట నడువనిచ్చుట మఱియొకటి. ఇల్లు వెదకు సోదరీమణులను నేను కోరున దొక్కటే: గదులు కొలుచుటకు ముందు బడిదారిని, పగ లొకసారి, రాత్రి యొకసారి, మీ కాళ్లతో నడచి చూడుడు.

జూన్ 12వ తేదీని బడులు తెఱచినప్పుడు మా అక్క మా యింటనే యుండెను. అమ్మాయిని తానే దిగబెట్టివత్తునని వెళ్లినది. పది నిమిషముల పనికి ముప్పావుగంట యైనను రాలేదు. నేను మెట్లు దిగుచుండగా నెదురువచ్చినది.

"ఇంత యాలస్యమేమి, అక్కా?" యంటిని.

"ఏమియు లేదే. దానిని దిగబెట్టి వచ్చి, మఱల నేనొక్కతెను బడివఱకు నడచి వచ్చితిని" అనినది.