చేపు

1978లో మా తమ్ముడు పుట్టాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా మాదిగపల్లెలో బాలెంతరాలికి ఇంటిపట్టున దొరికేది ఇరవయ్యొక్క రోజులే. ఇరవై రెండో రోజు ఆసామి నాట్లకి కబురంపాడు. అప్పు తిన్నవాళ్లం, పోకపోతే ఎట్టా?

అమ్మ వెంట తమ్ముణ్ణెత్తుకుని నేనూ పోయేదాన్ని. గట్టుమీద తుమ్మచెట్టుకి పాతచీర ఉయ్యాల. వాడు గుక్కపట్టి ఏడిస్తే మడిలో ఉన్న అమ్మకి పాలు చేపుకొచ్చి పైట తడిసిపోయేది. గట్టెక్కబోతే ఆసామి కసిరేవాడు. "ఇప్పుడేగా దిగింది! వరస తప్పిద్ది, వొంగు." మధ్యాహ్నానికి రొమ్ములు రాళ్లయ్యేవి. కాలవ పక్కకి పోయి నేలకి పిండుకునేది. వాడికి నేను గుడ్డపీలికతో పంచదార నీళ్లు పట్టేదాన్ని.

రెండు నెలలకే పాలు ఎండిపోయాయి. "నీకు పాలు పడలేదే" అని అందరూ అమ్మనే అన్నారు. అమ్మమ్మ తెలగపిండి కూర, వెల్లుల్లికారం, ఎండుతునకల పులుసు చేసిపెట్టింది. ఫలితం లేకపోయింది. తమ్ముడు గంజినీళ్ల మీద కొన్నాళ్లు బతికి, విరేచనాలు పట్టుకుని పోయాడు. "నా రొమ్మే నా బిడ్డని చంపింది" అని అమ్మ చచ్చిందాకా అంటానే ఉంది.

ఏఎన్నెమ్ ట్రైనింగుకి పోయాకే నాకు అసలు సంగతి తెలిసింది. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతయ్. రొమ్ము నిండి అట్టాగే ఉండిపోతే ఒళ్లే పాలు తగ్గించేసుకుంటది. పసిబిడ్డకి రాత్రీపగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టాలి. తల్లి కడుపునిండా తినాల్సిందే. కానీ ఏ కూరా బిడ్డ నోటికి సాటిరాదు. ఆ పాఠం విన్న రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. లోపం అమ్మ రొమ్ములో లేదు. గట్టెక్కనివ్వని నోట్లో ఉంది.

ప్రసూతి సెలవు చట్టం 1961లో వచ్చింది. 2017లో దాన్ని 26 వారాలు చేశారు. నాట్లేసే మా ఆడోళ్ల గడపకి అది ఇంకా రాలేదు.

ఇప్పుడు పల్లెలో ఏ బాలెంతైనా "పాలు చాలట్లేదక్కా" అంటే ఏం తింటన్నావని ముందు అడగను. "పన్లోకి ఎప్పట్నించి పోతన్నావ్? మధ్యలో ఎన్నిసార్లు పట్టనిస్తన్నారు?" అని అడుగుతాను. బిడ్డని వెంట తీసుకుపొమ్మంటాను. కుదరకపోతే పాలు నేలపాలు చెయ్యకుండా శుభ్రమైన గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెతో పట్టించమంటాను.

ఆనక ముఠామేస్త్రి దగ్గరికి పోతాను. బిడ్డ ఏడిస్తే తల్లి గట్టెక్కుద్ది, కూలి కొయ్యడానికి లేదని గట్టిగా చెప్పొస్తాను. అమ్మకోసం ఆనాడు ఎవరూ చెప్పని మాట అది.