పేరాంబ లేఖ

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో ఇండ్లతోపాటు బడులలోని పుస్తకములును పోయినవి. అవనిగడ్డకు దక్షిణముననున్న యొక ఉన్నత పాఠశాలలో గ్రంథాలయమనగా ఒక్క బీరువాయే. దాని తలుపులు తెరచి చూడగా ఉప్పునీటిలో నానిన కాగితపు ముద్దలు తప్ప మరేమియు మిగులలేదు.

రెండేండ్ల తరువాత ఆ పాఠశాలకు గుడివాడనుండి యొక తెలుగు ఉపాధ్యాయుడు బదిలీపై వచ్చెను. వచ్చుచు బందరులో దిగి, పాతపుస్తకముల దుకాణమున అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నవలను కొని తెచ్చెను. ఆ పుస్తకము బందరులో దొరకుట వింతకాదు. 1910లో అక్కడ వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు బాపిరాజుగారు కొంతకాలము ప్రిన్సిపాలుగా నుండిరి. ఆయన చిత్రకారుడు కూడ నగుటచే నవలలోని నగలు, కోటలు, గుఱ్ఱములు కంటికి కట్టినట్లుండును. ఒక్కొక్కచోట ఆ వర్ణన కథను నిలిపివేయుననుటయు సత్యమే.

ఉన్నది ఒక్క ప్రతి, పిల్లలు నలుబదిమంది. కావున శనివారము మధ్యాహ్నములందు ఆయన చదువుచుండగా ఎనిమిదవ తరగతివారు వినుచుండిరి. కాకతీయుల కాలపు కథ అది. పెండ్లిపీటలమీది వరుని గన్నారెడ్డి యెత్తుకొనిపోవును. ఆ పెండ్లి తప్పిన అన్నాంబిక ఓరుగల్లు చేరి రుద్రమదేవికి చెలికత్తె యగును. పిల్లలు ఊపిరి బిగబట్టి వినిరి.

వినుటతో ఉపాధ్యాయునికి తృప్తి కలుగలేదు. నవలలోని యూళ్లను పటముపై గుర్తింపజేసెను. గన్నారెడ్డి చేసినది న్యాయమా యని వాదము పెట్టెను. గంట కొట్టినను ఆ వాదము ఆగక కాలువగట్టు వఱకు సాగెను. పిదప కాగితమునకు నడుమ గీత గీసి, చరిత్ర చెప్పునది ఒకవైపున, నవలాకారుడు కల్పించినది రెండవవైపున వ్రాయుడనెను. అప్పుడొక బాలుడు లేచి, “మాస్టారూ, ఆ కాలమున మన దివిలో ఎవరుండిరండీ?” అని యడిగెను.

సమాధానము దగ్గరలోనే యున్నది. నాగాయలంక ప్రాంతమునందలి గణపేశ్వరమున 1231వ సంవత్సరపు శాసనమొకటి కలదు. తరువాతి ఆదివారము, సైకిళ్లు దొరకినవారెల్ల ఉపాధ్యాయునితో అక్కడికి వెళ్లిరి. ఆ సంస్కృత శ్లోకములు పిల్లలకు కొఱుకుడుపడలేదు; ఆయన తాను వ్రాసి తెచ్చుకొన్న ప్రతి చూచి అర్థము చెప్పెను. రుద్రమదేవి తండ్రియైన గణపతిదేవుడు సైన్యముతో వచ్చి దివిని జయించెను. దివి ప్రభువగు పిన్నచోడి కుమార్తెలు నారాంబ, పేరాంబ అనువారిని వివాహమాడెను. వారి సోదరుడు జాయన పిన్నవాడైనను తెలివిగలవాడని కొలువునకు దీసికొని, గజసేనకు నాయకుని జేసెను. ఆ గుడిని రాజు పేరిట కట్టించినది ఆ జాయనయే. ‘నృత్తరత్నావళి’ యను ఎనిమిది అధ్యాయముల గ్రంథమును 1253–54 ప్రాంతమున రచించినదియు ఆయనయే. పేరణి మొదలగు దేశినృత్యములను గూర్చి తెలిసికొనగోరువారు నేటికిని ఆ గ్రంథమునే వెదకుదురు.

మగపిల్లలకు పండుగయైనది. జాయన మనవాడు! ఆతడు ఓరుగల్లునుండి ఇంటికి వ్రాసినట్లు ఒక లేఖ వ్రాసి తెండని ఉపాధ్యాయుడు చెప్పెను. వచ్చిన లేఖలలో ముప్పాతిక ఏనుగులే. ఒక బాలిక మాత్రము, “నేను పేరాంబగా వ్రాయవచ్చునాండీ?” అని యడిగెను.

“శాసనమున ఆమె పేరు తప్ప ఏమున్నదమ్మా?”

“అందుకేనండీ.”

ఆమె వ్రాసినది అఱపుట మాత్రమే. “తమ్ముడూ, నీవు ఏనుగు నెక్కితివని విని సంతోషించితిని. కోట పోయిన దినమున నాన్న నిన్ను పిలిచి, రాజుగారి వెంట వెళ్లెదవా యని యడిగెను. నీవు తలయూపితివి. అక్కనుగాని నన్నుగాని అడుగలేదు. అడిగినచో ఏమందునో నాకును తెలియదు. ఆలోచించుకొనుటకు కొంచెము వ్యవధి యిచ్చియుండిన బాగుండెడిది.”

ఆ వేసవిలోనే బాలికకు పెండ్లి నిశ్చయమైనదని ఉపాధ్యాయునికి పిదప తెలిసెను. వధువునకు పదునెనిమిదేండ్లు నిండవలెనని 1978లో చట్టమును సవరించిరి గాని, ఆ సవరణ లంకలదాక నడచి రాలేదు. తండ్రి కఠినుడు కాడు. ఉప్పెనలో భార్యను, కుమారుని పోగొట్టుకొన్న రైతు. పొలము ఉప్పుబాఱి పంట లేకపోయెను. మిగిలిన యొక్క బిడ్డను సముద్రమునకు దూరముగా, గుడివాడ వైపు పంపిన బ్రదుకునని యాతని యాశ. గుడివాడనుండి వచ్చిన ఉపాధ్యాయుడు ఆ యాశను ఏ నోట కాదనగలడు?

ఆయన ఒక సాయంకాలము వారి యింటికి వెళ్లి, మాటలేమియు పెంచక లేఖను చదివి వినిపించెను. చదువురాని ఆ రైతు చివరి వాక్యమును మరల చదివించుకొనెను.

“పేరాంబ యెవరండీ, అయ్యవారూ?”

“ఏడువందల యేండ్లకు పూర్వము ఈ దివిలోనే పుట్టిన పిల్ల.”

“వ్రాసినది మాత్రము మా పిల్లే గదండీ?”

“ఔను.”

లోపల పొయ్యి ఊదుచున్న చప్పుడు ఆగిపోయెను. రైతు చాలసేపు వాకిట పారిన ఉప్పుమట్టిని కాలితో రాయుచు కూర్చుండెను. పిదప తలయెత్తక, “పదవ తరగతి పరీక్షలు ఏ మాసమున జరుగునండీ?” అని యడిగెను.