దాటిపోయే బండి

లోకల్ బండికి ఆలస్యం ఒంటరిగా రాదు. ఐదు నిమిషాలు వెనుకబడితే తరువాతి స్టేషనులో ఐదు నిమిషాల జనం అదనంగా పోగై ఉంటారు. వాళ్ళు ఎక్కేసరికి ఇంకాస్త ఆలస్యం! వెనుక బండ్లు బారులు తీరతాయి. చివరి స్టేషను చేరిన బండే మళ్ళీ తిరుగు బండి గనుక, పొద్దుటి ఆలస్యం సాయంత్రందాకా వెంటపడుతుంది. అందుకే ఒకదాన్ని రద్దుచేసి, ఒకదాన్ని సగం దారిలో తిప్పి, ఇంకొకదాన్ని చిన్న స్టేషన్లు దాటించి, వేళలు సర్దుతారు.

ఇదంతా ముంబయిలో ఉన్న మా అత్తయ్యకు చెప్పి చూడండి! ఆవిడ కాపురం చించ్‌పోక్లీ. "అర నిమిషం ఆపితే ఏం కొంప మునుగుతుందిరా?" అంటుంది. కొంప సంగతేమో గాని, కాళ్ళు విరుగుతాయి. అక్కడ స్లో లైను చెడితే బండిని ఫాస్టు లైను మీదికి మళ్ళిస్తారు. ఆ లైనుకు చించ్‌పోక్లీలోనూ, కర్రీరోడ్డులోనూ ప్లాట్‌ఫారమే లేదు. దిగితే కంకర మీదికే.

అయినా నన్నడిగితే అత్తయ్య కోపంలోనూ న్యాయం ఉంది. దాదరులో కూరల సంచీతో ఎక్కిన మనిషి బైకుల్లాలో తేలడం చిన్న సంగతా? రోజుకూలీకి పోయేవాడికైతే ఆ పూట కూలికే ఎసరు. ఆపడం సాధ్యం కాకపోవచ్చు. ఆగదని ముందుగా చెప్పడం సాధ్యమే. చెప్పిన రోజున అత్తయ్య నోరెత్తదు, బస్సెక్కి వస్తుంది.