చిరిగిన రేకు రుచి

మన సినిమాల్లో హీరో పదేళ్ళ తర్వాత సొంతూరికి వస్తే ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎడ్లబండి దిగుతాడు. గుప్పెడు మట్టి తీసి నుదుటికి రాసుకుంటాడు. గుమ్మడిలాంటి పెద్దాయన ఎదురొచ్చి "వచ్చావా బాబూ" అంటాడు. తల్లి ముద్దలు కలిపి పెడుతుంది. వెంటనే ఒక పాట! హాల్లో సగంమంది చేతిరుమాళ్ళు తీస్తారు.

పన్నెండేళ్ళ తర్వాత నేను మా ఊరు వెళ్తే ఇవేమీ జరగలేదు సుమండీ! రాజమండ్రిలో రైలు దిగాను. ధవళేశ్వరం దాకా ఒక ఆటో. అక్కణ్ణించి బారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఇంకో ఆటో. ఆ రెండో ఆటో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "ఊరికి కొత్తాండీ? పూతరేకులు మంచివెక్కడో చూపించమంటారా?" అన్నాడు. అదీ నాకు దొరికిన స్వాగతం!

అవును, మాది ఆత్రేయపురం. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక పచ్చబడిన డెల్టాలో, కాలవ గట్టు పక్కనే ఉంటుంది. సినిమా అభిమానులకి మా గోదావరిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 'మూగమనసులు' (1964)లో అక్కినేని పడవ నడిపిందీ, 'అందాల రాముడు' (1973)లో బాపు రమణలు అందర్నీ లాంచీ ఎక్కించి భద్రాచలం బయల్దేరదీసిందీ ఈ గోదావరి మీదే. ఇక మా పక్కనున్న లొల్ల లాకుల దగ్గరైతే ఎన్ని షూటింగులో! చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అక్కడికి పరిగెత్తేవాళ్ళం. హీరోయిన్ కనబడితే సరే, కనబడకపోతే కనీసం గొడుగు పట్టుకున్న మేకప్ మనిషి కనబడినా ఆ రోజు ధన్యమే.

అన్నట్టు, అసలు సంగతికొస్తాను. మా చిన్నప్పుడు పూతరేకులు కావాలంటే ఎవరింటికో వెళ్ళి ముందుగా చెప్పుకోవాలి. ఇప్పుడు రోడ్డు పొడుగునా కొట్లే! బెల్లంవీ, పంచదారవీ సరే... జీడిపప్పు, బాదం, ఆఖరికి చాక్లెట్టు పూతరేకులు కూడా వచ్చేశాయి. రంగురంగుల పెట్టెలు, పెట్టె మీద ఊరి పేరు, కొట్టు పేరు. 2023లో మా ఊరి పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఒక ఊరి తినుబండారానికి ప్రభుత్వం వేసిన ముద్రన్న మాట. గర్వంగానే అనిపించింది. ఒకటి కొనుక్కు తిన్నాను. బాగుంది. కాని నేను పన్నెండేళ్ళుగా కలలో తింటున్న రుచి ఇది కాదు.

ఆ రుచి వెతుక్కుంటూ మా పాత వీధిలోకి వెళ్ళాను. మూడో ఇంటి పెరట్లోంచి పొగ వస్తోంది. లోపల మా వీధి పిన్ని. అదే పీట, అదే బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట.

"ఏరా, ఎప్పుడొచ్చేవ్? మీ అమ్మ కులాసాయేనా?" అంది, చెయ్యి ఆపకుండానే.

రేకు తియ్యడం చూడని వాళ్ళకోసం చెబుతాను. జయబియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పిండిని పాలకంటే పల్చగా కలుపుతారు. పల్చటి గుడ్డ అందులో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాలుతున్న కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. రెప్పపాటులో కుండకి తెల్లటి పూత. ఆ పూతే రేకై ఊడొస్తుంది. మన ఫిల్ము దానిముందు మందం! తర్వాత రేకుని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లప్పొడి జల్లి మడుస్తారు. చెప్పడానికి ఇంతే.

"పిన్నీ, ఒక్కటి నన్ను తియ్యనీ" అన్నాను.

"కాలుద్ది రా నాన్నా" అంటూనే గుడ్డ ఇచ్చింది. లాగాను. రేకు సగం కుండకి, సగం గుడ్డకి! వేలు చురుక్కుమంది. పిన్ని నవ్వి, ఆ ముక్కలే చేతిలో పెట్టి, ఇంత నెయ్యి, ఇంత బెల్లం వేసింది. నోట్లో పెట్టుకోగానే అర్థమైంది. నేను వెతుకుతున్న రుచి ఇదే! చిన్నప్పుడు మేం తిన్నవి మడతపెట్టిన పూతరేకులు కావు. అవి అమ్మకానికి పోయేవి. చిరిగిపోయి చేటలో పడ్డవి మా వీధి పిల్లలవి. అవి ఏ కొట్లోనూ దొరకవు మరి.

"చెల్లాయి ఏదీ? తనూ నేర్చుకుందా?" అడిగాను.

"నేర్పలేదు" అంది. "రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది. ముప్పయ్యేళ్ళు ఈ పొగ మింగేను. దాని కళ్ళు కూడా ఎందుకురా?"

"మరి నీ తరవాత?"

"నా తరవాత నీకు రేకులెవరు పెడతారనా బెంగ?" అని నవ్వింది. నవ్వుతూనే అంది గాని, కుండ కన్నా ఆ మాటే ఎక్కువ కాలింది.

ఏం చెప్పను? ఊరొదిలి హైదరాబాదులో ఫాను కింద కూర్చుని ఉద్యోగం చేసుకునే వాణ్ణి. మా చెల్లాయిని మాత్రం పొగలో కూర్చోమనడానికి నేనెవర్ని? ఊరి రుచి మారకూడదని ఊరొదిలిన వాళ్ళందరికీ ఉంటుంది. ఆ రుచి వెనక రోజుకి ఇన్ని గంటలని ఒక ఆడమనిషి మంట ముందు కూర్చోవాలన్నది మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుసు. పిన్నికి రేకులు లెక్కపెట్టి, వందల్లెక్కన డబ్బులిస్తారు. పెట్టె మీద అచ్చేసిన ధరకీ దానికీ పొంతన లేదు.

మీరు సినిమా పిచ్చివాళ్ళు కదా, మీకైతే తెలుస్తుంది. టైటిల్స్‌లో కెమెరామన్ పేరు పడగానే ఈల వేసేవాళ్ళున్నారు మనలో. ఎడిటరెవరో, స్టంట్ మాస్టరెవరో కూడా చెప్పేస్తాం. మరి పూతరేకుల పెట్టె మీద రేకు తీసిన మనిషి పేరు ఎప్పుడైనా చూశారా?

అంచేత, మీలో ఎవరైనా మా ఊరొస్తే కొట్లు చూడండి, వద్దనను. కాని ఒక్కసారి పక్క వీధిలోకి వెళ్ళండి. పొగ కనబడుతుంది. లోపలికెళ్ళి, రేకు తీసేది ఎవరో పేరడిగి తెలుసుకోండి. ఆవిడ దగ్గరే కొనండి. బేరమాడకండి. వచ్చేముందు చేటలో చిరిగిన రేకు ఒకటి అడిగి పెట్టించుకోండి... ఆయ్, దానికి డబ్బులు తీసుకోరు లెండి!