మనం చెదిరినవాళ్ళమా?

కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

మన సంఘం సావనీరు అట్ట మీద 'బళ్ళారి తెలుగు డయాస్పోరా' అని వేద్దామని బెంగుళూరులో పనిచేసే మన పిల్లలు పంపినారు. అట్ట బాగుంది. ఆ మాటే నాకు మింగుడు పడలేదు. రాత్రి కూర్చుని దాని పుట్టుక వెతికినా.

అది గ్రీకు మాట. విత్తనం చల్లినట్టు అటూ ఇటూ చెదరగొట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. సొంత గడ్డ విడిచి పలు దేశాల్లో బతికిన యూదుల గురించి మొదట వాడినారు. లాటిన్‌లో దీనికి తోడుబోయినట్టుండే క్రియ స్పార్గెరె, అంటే చల్లడం. దానికి 'వేర్వేరు దిక్కులకు' అనే డిస్ చేర్చితే ఇంగ్లీషు డిస్పర్స్ అయింది. పోలీసులు గుంపును చూసి అరిచే మాట అదే. పలచగా ఉండేదాన్ని స్పార్స్ అన్నా, ఒకరి మీద నింద వేయడాన్ని ఆస్పర్షన్ అన్నా మూలం ఆ చల్లడమే. మనమూ బురద చల్లడం అంటాం కదా!

అయితే తెలుగులో చల్లడం వేరు, చెదరడం వేరు. చల్లేవాడికి పంట మీద ఆశ ఉంటుంది. చెదిరేది తనంతట తాను చెదరదు, ఎవరో రాయి వేస్తారు. ఇంగ్లీషు మాట రెండింటినీ ఒకే గంపలో వేసేసింది.

మా అవ్వది ఆలూరు. బళ్ళారికి కోడలుగా వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అటు పోయినాయి, బళ్ళారి మైసూరుకు వచ్చింది. అవ్వ ఇల్లు కదల్లేదు, పొయ్యి కదల్లేదు, పుట్టిల్లు మాత్రం వేరే రాష్ట్రమైంది. ఆలూరులో మా మామ కొడుకు తెలుగులో చదివినాడు, నేను కన్నడలో చదివినా. ఇప్పటికీ సంతకం కన్నడలోనే పెడతా. ఈ తెలుగు అక్షరాలు అవ్వ బియ్యం చేటలో వేలితో రాయించినవి. మమ్మల్ని ఎవరూ చల్లలేదు. గీత జరిగింది, అంతే.

ఇదే మాట ఫోన్‌లో సిరుగుప్ప దగ్గర క్యాంపులో ఉండే మన పెద్దాయనతో అన్నా. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చినాక కోస్తా నుంచి భూములు కొనుక్కుని వచ్చిన కుటుంబం వాళ్ళది. "డయాస్పోరా అంటే మీరే కదన్నా, మీకు సరిపోతుంది" అన్నా. నవ్వలేదాయన.

"మా నాన్న వచ్చినప్పుడు సరిపోయేదేమో. వరి నారుమడిలో చల్లుతాం, తర్వాత పీకి నాటుతాం. నాటినాక కంకి వేసేది ఆ మడిలోనే కదండీ. నా పిల్లలు ఇక్కడే పుట్టారు. ఇంకా చెదిరినోళ్ళమేనా మేము?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన మీద నేను ఆ మాట వేసింది కూడా ఒక రకం ఆస్పర్షనేనేమో.

ఆదివారం కమిటీలో అట్ట సంగతి తేల్చాలి. 'బళ్ళారి తెలుగువాళ్ళం' అని వేస్తే చాలని నా మాట. పిల్లలకు పాతగా అనిపిస్తుందేమో. క్యాంపుల నుంచి కూడా ఇద్దరు ముగ్గురు రండి. ఈసారి భోజనం కాగానే డిస్పర్స్ కావద్దు, చర్చ ఆ తర్వాతే పెట్టుకున్నాం.