పాతపట్నములో జీపునకు అడుగుకవచము

శ్రీకాకుళము జిల్లా యంచున, మహేంద్రతనయానది చెంత పాతపట్నము గలదు. నరసన్నపేటనుండి వచ్చు బాట ఊరు దాటినంతనే ఒడిశాలోని పర్లాకిమిడి జొచ్చును. రెండూళ్లును ఇరుగుపొరుగిండ్లవలె నుండును. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు ఒకటి యిటును నొకటి యటును నయ్యెను గాని రాకపోకలును బేరసారములును మానలేదు. నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో వేసిన రెండున్నర యడుగుల చిన్న రైలుదారి యిప్పుడు పెద్దదారియై, పాతపట్నముమీదుగనే గుణుపురము పోవుచున్నది. నీలమణిదుర్గమ్మ దర్శనమునకై వచ్చు సోదరీమణు లనేకు లీ యూరి నెఱుగుదురు. అమ్మవారిని గూర్చి వ్రాయవలసినది చాల గలదు. కాని మేము వ్రాయబోవునది యొక యినుపరేకును గూర్చి. చదువరులు నవ్వకుందురుగాక.

మెళియాపుట్టి వైపున కొండలలో సవరల గూడెములు గలవు. కొన్నిటికి తారుబాట యున్నది, కొన్నిటికి రాళ్లదారియే. నడుమ గెడ్డలు దాటవలెను. ఈ సీమలో కొండవాగును గెడ్డ యందురు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీపులు పుట్టకమునుపే సవరభాష నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథము వెలయించిరి. వారికి కావలసినది శ్రద్ధ. మాకు శ్రద్ధతోపాటు మంచి బండియు కావలసివచ్చినది. మా జీపు నెలకొకమా రొక గూడెమునకు పోవును. తిరిగివచ్చునపుడు గర్భిణులును బాలింతలును ఆసుపత్రికై అందులో దిగివత్తురు. బండి దారిలో నిలిచిపోయినచో వారిని డోలీకట్టి మోయుట దప్ప వేఱు మార్గము లేదు.

జీపు నేలకు ఎత్తుగనే యుండును గదా, దానికి కవచ మేల యని యడుగవచ్చును. ఇంజను క్రింద నూనె నిలుచు పాత్రయొకటి వ్రేలాడుచుండును. మెకానిక్కులు దానిని ఆయిలు చాంబరందురు. అది పలుచని రేకుతోనో, పోతపోసిన అల్యూమినియముతోనో చేసినది. మొనదేఱిన రాయి తగిలిన చిల్లిపడును. వంటింట నూనెగిన్నె కారిన గట్టు మాత్రమే పాడగును. ఇచట నూనె పోయినచో లోని యినుము ఇనుముతో రాచుకొని, వేడెక్కి, కొలది నిమిషములలో ఇంజను బిగిసిపోవును. వెనుకనున్న గేరుబాక్సునకును పెట్రోలు టాంకునకును ఇట్టి యపాయమే. 1941లో యుద్ధమునకై చేసిన జీపులకే నడుమ భాగమున నొక రక్షకపు పలక యుండెడిది. 1947 మొదలు మహీంద్రావారు మన దేశమున జీపులను కూర్చసాగిరి. నేటి బండ్లలో కొన్నిటి క్రింద నుండు ప్లాస్టికు మూత బురద నాపును గాని రాతి నాపజాలదు.

పాతపట్నములో నొక షెడ్డునందు మేము ఈ పలకను వేయించితిమి. వారు దానిని ఇంజను గార్డందురు. స్కిడ్ ప్లేటనుటయు గలదు. షెడ్డు పెద్దాయన, "రాయి పైకి కనిపించదమ్మా, తగిలినాకే తెలుస్తాది" అనెను. ఉక్కా, అల్యూమినియమా యని చాలసేపు తర్కించితిమి. మూడు మిల్లీమీటర్ల మందముగల ఉక్కు చదరపు మీటరునకు ఇంచుమించు ఇరువదిమూడున్నర కిలోలు తూగును. అనగా చిన్న బియ్యపు బస్తా యంత. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియమయినను పదునాఱు కిలోలే. అది త్రుప్పును పట్టదు. అయినను మేము ఉక్కునే కోరితిమి. సొట్టపడిన ఉక్కును ఏ యూరి కమ్మరియైనను సుత్తితో సరిచేయగలడు. రాతిపై నది జాఱిపోవును, అల్యూమినియము గీరుకొని పట్టుకొనును. మందమెక్కువైన కొలది మేలనుకొనుట మాత్రము మాకు సమ్మతము కాదు. ఆ బరువు స్ప్రింగులకు భారమగును.

మొదట అడుగుభాగమును శుభ్రముగా కడిగిరి. బండిని జాకీతో నెత్తి, స్టాండులు నిలిపినపిదపనే పనివాడు క్రిందికి దూరెను. జాకీ యొక్కదానిని నమ్మి బండి క్రింద పరుండుట ప్రాణాంతకము. మీ యింటి పురుషు లట్లు చేయుచున్నచో వారింపుడు. పలకను మూడు తునకలుగా కోసి, ముందటి యంచును చేటవలె పైకి వంచిరి. నూనె దించుటకు నొక రంధ్రమును, గాలి యాడుటకు మఱికొన్నిటిని చేసిరి. పలకకును చాంబరునకును నడుమ రెండు వ్రేళ్ల యెడమ విడిచిరి. పలక సొట్టపడినను లోనిదానికి తగులరాదు గదా. సైలెన్సరు గొట్టమునకు దూరముగా నుంచిరి. ఎండుగడ్డి పలకపై చిక్కుకొని ఆ వేడిగొట్టమునకు తగిలిన నిప్పంటుకొనును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. ఛాసీ యనబడు క్రింది చట్రమునకు ముందే యున్న రంధ్రములలో బోల్టులు బిగించిరి గాని వెల్డింగు చేయలేదు. వెల్డింగు వేడిమిచే చట్రము బలము తగ్గవచ్చును. పెట్రోలు టాంకు చెంత ఆ నిప్పు ఎంత ప్రమాదమో చెప్పనక్కఱలేదు. వేఱొక యూర నొకరి బండికి పలకను చట్రమునకే యతికించిరట. నూనె మార్చవలసినపుడెల్ల దానిని గ్యాసుతో కోయుచున్నారు! తీయ వీలులేని కవచము కవచము కాదని మా యభిప్రాయము. మా షెడ్డువారు బోల్టుల తలలు రాతికి తగులకుండ లోనికి నొక్కి, స్ప్రింగు వాషర్లు వేసి, త్రుప్పుపట్టకుండ రంగుపూసిరి. నూఱు కిలోమీటర్లు తిరిగినపిమ్మట మరల బిగింపుమని చెప్పి పంపిరి.

మఱునాడు గూడెమునకు పోయితిమి. తిరిగివచ్చునపుడు నెలలునిండిన కోడలును, ఆమె యత్తయు మాతో దిగిరి. రెండవ గెడ్డలో నీరు మోకాలిలోతే గాని బురదగానుండుటచే అడుగు కనబడలేదు. బండి క్రింద ధణేలుమని శబ్దమయ్యెను. ఆ పిల్ల మా చేయి గట్టిగా పట్టుకొనెను. అత్త వణకుచు, "బండి సచ్చిపోనాదేటి బాబూ?" అని యడిగెను. డ్రైవరు వెనుకకు తిరుగకయే, "నేదు మామ్మా, రేకుకి తగిలినాది. బండికేటీ కానేదు" అనుచు నెమ్మదిగా గట్టెక్కించెను. నూనెగడియారపు ముల్లు కదలలేదు. చీకటిపడకమునుపే ఆసుపత్రి చేరితిమి.

ఆ రాత్రి పాతపట్నములో టార్చిదీపము పట్టి అడుగున చూచితిమి. ముందుపలకపై జానెడు గీతయు, కొబ్బరిచిప్పంత సొట్టయు నుండెను. పైనున్న చాంబరు పొడిగానున్నది. ఎడమవైపు బోల్టొకటి మాత్రము కొంచెము వదులైనది. నూఱు కిలోమీటర్లింకను నిండలేదు. అయినను అప్పుడే స్పానరు తెప్పించి బిగింపించితిమి.